ఎడ్‌జీసీఎం ల్యాబ్‌లో రన్‌లు పోకుండా, లాగిన్‌లు కలగాపులగం కాకుండా చూసుకోవడం ఎలా?

"జాబితాలో కంట్రోల్ రన్ కనిపిస్తోంది, నొక్కితే ఏమీ రావడం లేదు." "నిన్న నేను నడిపిన రన్ ఈ రోజు లేదు." "ఇద్దరం ఒకే ప్రయోగం చేశాం, ఫలితాలు ఎందుకు కలవడం లేదు?" కాలేజీ ల్యాబ్‌లో ఎడ్‌జీసీఎం నేర్పే అధ్యాపకులు నన్ను ఎక్కువగా అడిగేవి ఈ మూడు ప్రశ్నలే. మూడింటికీ మూలం దాదాపు ఎప్పుడూ ఒకటే. క్లైమేట్ సైన్సులో తప్పేమీ ఉండదు. ఎవరి ఫైలు ఎక్కడ ఉంది, దాన్ని ముట్టుకునే హక్కు ఎవరికి ఉంది అన్నది ముందుగా తేల్చుకోకపోవడమే. అది ఎలా తేల్చుకోవాలో వరుసగా చెబుతాను.

ఎడ్‌జీసీఎం తెలియనివారికి రెండు మాటలు. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో మార్క్ చాండ్లర్ బృందం విద్యార్థుల కోసం తయారు చేసిన, భూమి శీతోష్ణస్థితిని కంప్యూటర్‌లో లెక్కించి చూపే ప్రోగ్రాం ఇది. ఇచ్చిన పరిస్థితులతో ఒకసారి మొదటినుంచి చివరిదాకా లెక్క నడపడాన్ని రన్ అంటారు. ఏదీ మార్చకుండా, పోల్చుకోవడానికి నడిపేది కంట్రోల్ రన్. లోపల నడిచేది నాసా గొడ్డార్డ్ సంస్థ వారి మోడల్ 2 అనే శీతోష్ణస్థితి నమూనా. జేమ్స్ హాన్సెన్ బృందం 1983లో ప్రచురించిన నమూనా అది. 1988లో ఆయన బృందం భూతాపంపై వేసిన అంచనాలు కూడా ఆ నమూనా నుంచే వచ్చాయి. భూమిని 8 డిగ్రీల అక్షాంశం, 10 డిగ్రీల రేఖాంశం ఉన్న గళ్లుగా, వాతావరణాన్ని 9 పొరలుగా విడగొట్టి లెక్కిస్తుంది. ఒకప్పుడు పెద్ద కంప్యూటర్లకే సాధ్యమైన పని ఇప్పుడు మామూలు డెస్క్‌టాప్ మీద జరుగుతుంది. తెర మీద మనకు కనిపించే దాని పైతొడుగు 4డీ అనే డేటాబేస్ మీద కట్టినది. మన తలనొప్పులన్నీ ఈ పైతొడుగు దగ్గరే మొదలవుతాయి.

ఒక్క విషయం మనసులో నాటుకోండి. ప్రోగ్రాంలో కనిపించే రన్ జాబితా వేరు, డిస్క్ మీద ఉన్న రన్ ఫైళ్లు వేరు. జాబితా డేటాబేస్‌లో ఉంటుంది. నెలనెలా లెక్కలు రాసే ఫైళ్లు ఫోల్డర్లలో ఉంటాయి. ఒకటి పోయినా రెండోది ఏమీ జరగనట్టే కూర్చుంటుంది. ఈ పాఠం నాకు బాగా ఖరీదుగా వచ్చింది. నాలుగు రోజులు నడిపించిన కంట్రోల్ రన్ ఫోల్డర్‌ను డిస్క్‌లో చోటు చాలడం లేదని ఒకరు తీసేశారు. జాబితాలో పేరు మాత్రం అలాగే ఉంది. పదిహేను మంది విద్యార్థులు కూర్చున్నాక తెరిస్తే లోపల శూన్యం. ఆ రోజు తరగతి జరగలేదు.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- విండోస్ ఉన్న కంప్యూటర్లు, వాటిలో ఇప్పటికే పనిచేస్తున్న ఎడ్‌జీసీఎం. లైసెన్సు ఎన్ని కంప్యూటర్లకు ఉందో ముందే చూసుకోండి.
- ప్రతి కంప్యూటర్‌లో సి డ్రైవ్ కాకుండా మరో డ్రైవ్. అది ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ అయి ఉండాలి. ఎఫ్‌ఏటీ32, ఎక్స్‌ఫ్యాట్ డ్రైవ్‌లలో ఫోల్డర్లకు అనుమతులు పెట్టే వీలే లేదు.
- బయట పెట్టుకునే ఒక హార్డ్ డిస్క్.
- యూపీఎస్. ఇది లేకుండా రాత్రంతా నడిచే రన్ మొదలుపెట్టవద్దు.
- ఒక పొడవాటి రూళ్ల నోటు పుస్తకం. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. తర్వాత అన్నిటికంటే ఎక్కువగా అక్కరకు వచ్చేది ఇదే.
- నాసా గొడ్డార్డ్ సంస్థ ఉచితంగా ఇచ్చే పనోప్లీ అనే మ్యాపులు గీసే ప్రోగ్రాం. దానికి జావా కావాలి.

1. ప్రోగ్రాంను సరైన చోట పెట్టండి

చాలామంది దాటేసే మెట్టు ఇది. ఎక్కువ గందరగోళం పుట్టేదీ ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఎడ్‌జీసీఎం ఫోల్డర్‌ను సి డ్రైవ్‌లోని ప్రోగ్రాం ఫైల్స్‌లో ఉంచవద్దు. ఆ ఫోల్డర్‌లో మామూలు యూజర్లు రాయడాన్ని విండోస్ ఒప్పుకోదు. పాత 32 బిట్ ప్రోగ్రాములు అక్కడ రాయబోతే విండోస్ వద్దని చెప్పకుండా, చప్పుడు చేయకుండా ఆ రాతను మరోచోటికి మళ్లిస్తుంది. ఆ చోటు యూజర్ సొంత ఫోల్డర్‌లో, యాప్‌డేటా, లోకల్ అనే వాటి కింద దాగి ఉండే వర్చువల్‌స్టోర్. అంటే ఒకే కంప్యూటర్‌లో, ఒకే ప్రోగ్రాంలో, ఒక విద్యార్థి నడిపిన రన్ ఇంకో విద్యార్థికి కనిపించదు. ఎవరూ ఏదీ తీసేయలేదు, అయినా నిన్నటి రన్ లేదు. పైన చెప్పిన రెండో ప్రశ్నకు సగం సందర్భాల్లో జవాబు ఇదే.

కాబట్టి డి డ్రైవ్‌లో చిన్న పేరుతో, ఇంగ్లిష్ అక్షరాలతో, ఖాళీలు లేకుండా ఒక ఫోల్డర్ చేసి ప్రోగ్రాంను అందులో పెట్టండి. ల్యాబ్‌లో ఎన్ని కంప్యూటర్లున్నా అన్నిటిలో అదే డ్రైవ్, అదే పేరు ఉండాలి. ఒక దాని నుంచి మరొక దానికి ఫోల్డర్ కాపీ చేసినప్పుడు డేటాబేస్ పాత చిరునామానే వెతుక్కునే ప్రమాదం ఉంటుంది. దారి ఒకటే అయితే ఆ చిక్కే రాదు.

*హెచ్చరిక:* ఈ ఫోల్డర్‌ను వన్‌డ్రైవ్ వంటి క్లౌడ్ ఫోల్డర్‌లో పెట్టవద్దు. ప్రోగ్రాం రాస్తుండగానే అది సగం ఫైలును పైకి పంపుతుంది, కొన్నిసార్లు ఫైలును పట్టి ఉంచుతుంది. తెరిచి ఉన్న డేటాబేస్‌కు అంతకంటే చేటు లేదు.

*ఎలా సరిచూడాలి:* ఒక విద్యార్థి ఖాతాలోంచి చిన్న రన్ ఒకటి సృష్టించండి. తర్వాత మీ ఖాతాలోకి వెళ్లి ప్రోగ్రాం తెరవండి. ఆ రన్ కనిపిస్తే సరే. కనిపించకపోతే ఆ విద్యార్థి వర్చువల్‌స్టోర్ ఫోల్డర్‌లో వెతకండి. దొరికితే చోటు మార్చాల్సిందే.

2. విండోస్ ఖాతాలు: అడ్మినిస్ట్రేటర్ ఒక్కరే

సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌కు వెళ్లి మూడు రకాల ఖాతాలు చేయండి.

మొదటిది అడ్మినిస్ట్రేటర్. ప్రోగ్రాములు పెట్టడానికి, తీయడానికి మాత్రమే. పాస్‌వర్డ్ మీ దగ్గర ఒకటి, కవరులో పెట్టి అంటించి విభాగాధిపతి దగ్గర ఒకటి ఉంచండి. మీరు సెలవులో ఉన్న వారంలోనే కంప్యూటర్ మొరాయిస్తుంది.

రెండోది అధ్యాపకుడి రోజువారీ ఖాతా. ఇది స్టాండర్డ్ ఖాతాగానే ఉండాలి. "నేను జాగ్రత్తగానే ఉంటాను కదా" అనుకుని అడ్మినిస్ట్రేటర్‌గానే పని చేసుకునేవారు చాలామంది ఉన్నారు. తెరిచి వదిలేసి టీకి వెళ్లిన ఐదు నిమిషాలు చాలు.

మూడోది విద్యార్థులవి. ఒక్కో విద్యార్థికి ఒక్కో ఖాతా ఉంటే మేలు. అది కుదరకపోతే బృందానికొకటి. తరగతి అంతటికీ ఒకే ఖాతా మాత్రం వద్దు. ఏదైనా పోయినప్పుడు ఎవరి చేతిలో పోయిందో తెలియదు, అందరూ అనుమానపడతారు. హాల్ టికెట్ నంబరు, ఫోన్ నంబరు పాస్‌వర్డ్‌గా పెట్టవద్దు. అవి తరగతిలో అందరికీ తెలిసినవే.

మీ ఎడిషన్‌లో ఎడ్‌జీసీఎం తెరిచేటప్పుడు కూడా యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంటే అక్కడా పేర్లు వేరుగానే పెట్టండి. ఎవరు ఏ రన్ చేశారో జాబితాలో తెలియడానికి అది ఉపయోగం. దాన్ని కాపలా అనుకోవద్దు. ఆ పాస్‌వర్డ్ ప్రోగ్రాం తలుపుకు మాత్రమే తాళం. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లోంచి ఫోల్డర్ తెరిచి డిలీట్ నొక్కేవారిని అది ఆపలేదు. ఆపేది విండోస్ అనుమతులే.

3. మూడు ఫోల్డర్లు, మూడు రకాల అనుమతులు

డి డ్రైవ్‌లో ఇలా ఏర్పాటు చేసుకోండి.

*పని ఫోల్డర్:* ఎడ్‌జీసీఎం ఉన్నది. విద్యార్థులకు మాడిఫై అనుమతి ఉండాలి. చదవడం మాత్రమే ఇస్తే ప్రోగ్రాం నడవదు.

*మాస్టర్ ఫోల్డర్:* కంట్రోల్ రన్, డేటాబేస్ అసలు ప్రతులు ఉండేది. విద్యార్థులకు రీడ్ మాత్రమే. రాసే హక్కు అడ్మినిస్ట్రేటర్‌కే.

*పంపిణీ ఫోల్డర్:* విశ్లేషణ తర్వాత వచ్చిన నెట్‌సీడీఎఫ్ ఫైళ్లు (గళ్లవారీ లెక్కలు ఉండే ఫైళ్ల రకం), మ్యాపులు. విద్యార్థులకు రీడ్ మాత్రమే. అధ్యాపకుడి ఖాతాకు మాడిఫై.

అనుమతులు పెట్టేది ఫోల్డర్ మీద కుడి క్లిక్, ప్రాపర్టీస్, సెక్యూరిటీ ట్యాబ్ దగ్గర. ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాట్లు మూడు.

మొదటిది, రీడ్ అనుమతి పెట్టేసి పని అయిపోయిందనుకోవడం. సి కాని డ్రైవ్‌లలో విండోస్ ముందే ఆథెంటికేటెడ్ యూజర్స్ అనే గుంపుకు, అంటే లాగిన్ అయిన ప్రతి ఒక్కరికీ, మాడిఫై ఇచ్చి ఉంచుతుంది. మాస్టర్ ఫోల్డర్‌కు అది పైనుంచి వారసత్వంగా వస్తుంది. అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి డిసేబుల్ ఇన్‌హెరిటెన్స్ నొక్కి, ఉన్న అనుమతులను ఆ ఫోల్డర్ సొంతంగా మార్చుకుని, ఆ తర్వాత ఆథెంటికేటెడ్ యూజర్స్ అనే వరుసను తీసేయాలి. యూజర్స్ అనే వరుసకు రీడ్ ఉంచితే విద్యార్థులకు అది చాలు.

రెండోది, డినై గడులను టిక్ చేయడం. ఒకే ఫోల్డర్ మీద డినై, అనుమతి రెండూ పెడితే డినైదే పైచేయి. యూజర్స్ గుంపుకు డినై పెట్టారంటే ఆ గుంపులో మీ ఖాతా కూడా ఉంటుంది కాబట్టి మీరూ బయటే నిలబడతారు. ఇవ్వకూడని దాన్ని ఇవ్వకుండా ఊరుకోండి, డినై జోలికి వెళ్లకండి.

మూడోది, ఫైళ్లను కట్ చేసి పేస్ట్ చేయడం. అదే డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ నుంచి మరో ఫోల్డర్‌కు జరిపితే పాత అనుమతులు వెంట వచ్చేస్తాయి. కాపీ చేస్తే కొత్త ఫోల్డర్ అనుమతులు పడతాయి. మాస్టర్‌లోకి ఎప్పుడూ కాపీ చేయండి, జరపకండి.

*ఎలా సరిచూడాలి:* విద్యార్థి ఖాతాలోకి వెళ్లి మాస్టర్‌లో ఒక పనికిరాని ఫైలు పేరు మార్చబోండి, తొలగించబోండి, కొత్త ఫైలు సృష్టించబోండి. మూడూ కుదరకూడదు. అదే ఫైలును పని ఫోల్డర్‌కు కాపీ చేయబోతే కుదరాలి. ఈ పరీక్షకు రెండు నిమిషాలు పట్టదు. సెక్యూరిటీ ట్యాబ్‌లో ఏం రాసి ఉందో చూసి తృప్తి పడకండి, చేసి చూడండి.

4. కంట్రోల్ రన్: ముందు నడిపి, ముందు దాచండి

ఎడ్‌జీసీఎంలో ఏ ప్రయోగమైనా తేడాను చూసేదే. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపు చేసిన రన్‌లోంచి మామూలు రన్‌ను తీసివేస్తే వచ్చేది ఫలితం. ఆ మామూలు రన్ పాడైతే దానితో పోల్చిన ప్రతి ఫలితమూ పాడైనట్టే. పైగా పాడైనట్టు కనిపించదు, మ్యాపులు అందంగానే వస్తాయి. అందుకే తరగతి మొదలు కాకముందే కంట్రోల్ రన్‌ను మీరే నడపండి.

1958 నాటి పరిస్థితులతో, అంటే సుమారు 315 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 315) కార్బన్ డయాక్సైడ్‌తో, సముద్ర ఉష్ణోగ్రతను నమూనాయే లెక్కించే పద్ధతిలో నడపండి. సముద్ర ఉష్ణోగ్రతను ముందే ఇచ్చేసే పద్ధతి త్వరగా స్థిరపడుతుంది. కానీ అందులో సముద్రం వేడెక్కదు కాబట్టి భూతాపం ప్రయోగాలకు కంట్రోల్‌గా పనికిరాదు. ఈ రెండు పద్ధతుల రన్‌లను ఒకదానితో ఒకటి పోల్చి "భూమి వేడెక్కలేదు" అని రాసిన రికార్డు పుస్తకాలు నేను దిద్దాను. తప్పు విద్యార్థులది కాదు. రన్ పేరులో ఆ సంగతి లేకపోవడంది.

నడవడం పూర్తయ్యాక ఇవి చూడండి.

ఫైళ్ల సంఖ్య. నెలకు ఒకటి చొప్పున లెక్క. 1958 నుంచి 2100 దాకా నడిపితే 143 ఏళ్లు, అంటే 1716 నెలలు. మొదలుపెట్టిన నెలను బట్టి ఒకటి రెండు అటూ ఇటూ ఉండవచ్చు. యాభై తక్కువైతే రన్ మధ్యలో ఆగిందని అర్థం.

ఉష్ణోగ్రత గీత. ప్రపంచ సగటు ఉపరితల ఉష్ణోగ్రత మొదటి కొన్నేళ్లు అటూ ఇటూ ఊగి, తర్వాత నిలకడగా సాగాలి. 14 డిగ్రీల దరిదాపుల్లో ఉంటే సబబు. చివరిదాకా ఎక్కుతూ పోతుంటే ఎక్కడో వాయువుల స్థాయి పెరిగేలా సెట్టింగ్ ఉండిపోయింది.

వికిరణ లెక్క. వాతావరణం పైఅంచున లోపలికి వచ్చేది, బయటికి పోయేది దాదాపు సరిపోవాలి. తేడా సున్నాకు దగ్గరగా వచ్చిందంటే నమూనా స్థిమితపడిందని.

ఆ తర్వాతే దాచడం. ప్రోగ్రాంను పూర్తిగా మూసి, పని ఫోల్డర్ మొత్తాన్ని, డేటాబేస్‌తో సహా మాస్టర్‌లోకి కాపీ చేయండి. ఔట్‌పుట్ ఫోల్డర్ ఒక్కదాన్నే దాస్తే జాబితా పోతుంది. డేటాబేస్‌ను ఒక్కదాన్నే దాస్తే లెక్కలు పోతాయి. రెండూ ఒకే రోజువి, ఒకే కాపీగా ఉండాలి.

పని ఫోల్డర్‌లోని కంట్రోల్ రన్‌నే రీడ్ ఓన్లీ చేస్తే సరిపోదా అని అడుగుతారు. విశ్లేషణ చేసినప్పుడు ప్రోగ్రాం కొత్త ఫైళ్లు రాయాలి. రాయలేకపోతే ఆగిపోతుంది. అందుకే తాళం మాస్టర్‌కు వేయండి. పని ఫోల్డర్‌లోది పోయినా మళ్లీ తెచ్చుకునే ప్రతి అనుకోండి.

5. డేటాబేస్‌ను ఒకేసారి ఒకరే తెరవాలి

నెట్‌వర్క్‌లో ఒకే ఫోల్డర్‌ను పంచి, పది కంప్యూటర్ల నుంచి తెరవాలన్న ఆలోచన ఆకర్షణీయంగా ఉంటుంది. వద్దు. ఇది ఒకరు వాడుకునే డేటాబేస్. ఇద్దరు తెరవబోతే రెండోవారికి తెరుచుకోదు, లేదా ఫైలు దెబ్బతింటుంది.

కంప్యూటర్లు సరిపడా ఉంటే బృందానికొక కంప్యూటర్, ఏడాదంతా అదే. అన్నిటికంటే శుభ్రమైన పద్ధతి ఇది.

కంప్యూటర్లు తక్కువైతే బ్యాచ్‌కొక డేటా ఫైలు. 4డీతో చేసిన ప్రోగ్రాములు తెరుచుకునేటప్పుడు ఆల్ట్ మీట నొక్కి పట్టుకుంటే ఏ డేటా ఫైలు వాడాలో అడుగుతాయి. మీ దగ్గర అలా అడగకపోతే బ్యాచ్ మారినప్పుడల్లా ప్రోగ్రాం మూసి, ఫోల్డర్ మొత్తాన్ని మార్చుకోవడమే మార్గం. శ్రమే, కానీ ఒకరి రన్ మీద ఇంకొకరి చేయి పడదు.

అసలు రన్‌లు నడిపే అవసరం ఎంతమందికి ఉంది? మొదటి సంవత్సరం విద్యార్థులకు మ్యాపులు చదవడం వస్తే చాలు. వాళ్లకు ప్రోగ్రాం ఇవ్వకుండా, పంపిణీ ఫోల్డర్‌లోని నెట్‌సీడీఎఫ్ ఫైళ్లను పనోప్లీలో తెరవమనండి. రెండు ఫైళ్ల తేడాను అదే గీసి చూపిస్తుంది. డేటాబేస్ దగ్గరికి రానివారు దాన్ని పాడుచేయలేరు. నా అభిప్రాయంలో తరగతిలో మూడొంతులకు ఇదే సరైన దారి.

6. పేర్లు, పుస్తకం

రన్ పేరులో నాలుగు విషయాలు ఉండాలి: విద్యాసంవత్సరం, బృందం, మార్చిన అంశం, ఎన్నో ప్రయత్నం. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, కింది గీత మాత్రమే వాడండి. ఖాళీలు, చుక్కలు, తెలుగు అక్షరాలు వద్దు. లోపల నడిచేది పాతకాలపు ఫోర్ట్రాన్ ప్రోగ్రాం, వాటిని జీర్ణించుకోలేదు. "టెస్ట్", "కొత్తది", "చివరిది", "నిజంగా చివరిది" వంటి పేర్లను మొదటి రోజే నిషేధించండి.

నోటు పుస్తకంలో ఒక్కో రన్‌కు ఒక్కో వరుస: తేదీ, పేరు, ఎవరు, దేనితో పోల్చాలి, ఏం మార్చారు, ఎప్పుడు ముగిసింది, ఎన్ని ఫైళ్లు, కాపీ తీశారా. "ఏం మార్చారు" దగ్గర ఒకే అంశం ఉండాలి. రెండు ఉంటే ఆ రన్‌ను మొదలుపెట్టనివ్వకండి. కార్బన్ డయాక్సైడ్‌నూ సూర్యకాంతినీ కలిపి మారిస్తే వేడి దేని వల్ల పెరిగిందో ఎవరూ చెప్పలేరు.

ఒక అమ్మాయి తన తేడా మ్యాప్ తెచ్చి చూపించింది. ధ్రువం నుంచి ధ్రువం దాకా ఒకే తెల్ల రంగు, కింద స్కేలు మీద సున్నా. రెండు రోజులుగా సెట్టింగ్‌లన్నీ వెతుకుతోందట. పుస్తకం తెరిచి చూస్తే, ఆమె రన్ పేరు పక్కన అదే పేరు పైవారం తేదీతో మరోసారి ఉంది. ఆమె పోల్చింది తన రన్‌ను తన రన్‌తోనే. పుస్తకంలో ఆ రెండు వరుసలు చూడగానే తనే పట్టుకుంది.

7. నడుస్తుండగా ఆగిపోకుండా

- పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్‌ను నెవర్‌గా పెట్టండి. తెర ఆరిపోతే ఫరవాలేదు, కంప్యూటర్ నిద్రపోకూడదు.
- విండోస్ అప్‌డేట్‌ను రన్ ముగిసేదాకా నిలిపి ఉంచండి. యాక్టివ్ అవర్స్ పెట్టి నిశ్చింతగా ఉండవద్దు. అవి రోజుకు 18 గంటలకు మించి పెట్టే వీలు లేదు, మిగిలిన ఆరు గంటల్లో కంప్యూటర్ దానంతటదే రీస్టార్ట్ కావచ్చు.
- ఇంటికి వెళ్లేటప్పుడు సైన్ అవుట్ చేయవద్దు. చేస్తే రన్ ఆగిపోతుంది. విండోస్ మీటతో ఎల్ నొక్కి తాళం వేసి వెళ్లండి. ఈ తేడా తెలియక పోయిన రాత్రులు లెక్కలేనన్ని.
- మొదటి ఏడాది ముగియగానే ఆ పన్నెండు నెలల ఫైళ్ల పరిమాణం చూసి, మొత్తం ఏళ్లతో గుణించండి. డిస్క్‌లో దానికి రెట్టింపు ఖాళీ లేకపోతే అప్పుడే ఆపి చోటు చేసుకోండి.

కరెంటు పోయి ఆగితే కంగారు పడి మొదటినుంచి మొదలుపెట్టకండి. నమూనా మధ్యమధ్యలో రీస్టార్ట్ ఫైళ్లు రాసుకుంటుంది. ముందు ఫోల్డర్‌ను కాపీ తీసుకుని, తర్వాత ఆగిన చోటి నుంచి కొనసాగించండి. ముగిశాక నెలల వరుసలో ఖాళీ లేదని, ఉష్ణోగ్రత గీతలో ఆ చోట మెట్టులాంటి దూకుడు లేదని చూడండి. దూకుడు ఉంటే ఆ రన్‌ను కంట్రోల్‌గా వాడవద్దు.

8. ఫలితాలు కలవనప్పుడు ఎలా వెతకాలి

మూడో ప్రశ్న ఇదే. ఈ వరుసలో వెళ్లండి.

ముందుగా ఇద్దరి సెటప్ తెరలను పక్కపక్కన పెట్టి ప్రతి గడినీ గట్టిగా చదివించండి. ఒకరు చదవాలి, ఇంకొకరు తమది చూస్తూ అవునో కాదో చెప్పాలి. కళ్లతో చూస్తే జారిపోయేవి చెవికి దొరుకుతాయి.

సెటప్ ఒకటే అయితే, ఏ కాలాన్ని పోలుస్తున్నారో చూడండి. ఒకరు ఒక్క జనవరి నెలను, ఇంకొకరు చివరి ఐదేళ్ల సగటును తీసుకుని ఉంటారు. ఒక్క నెలలో కనిపించేది వాతావరణపు ఊగిసలాట మాత్రమే. 1961లో వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ తన చిన్న వాతావరణ నమూనాను మధ్యలోంచి మళ్లీ నడుపుతూ 0.506127 అన్న అంకెకు బదులు 0.506 అని ఇచ్చాడు. కొంతసేపటికి రెండు గీతలకూ పోలికే లేకుండా పోయింది. మన నమూనాదీ అదే స్వభావం. అందుకే ఎప్పుడూ చివరి ఐదు, వీలైతే పదేళ్ల సగటును పోల్చాలి.

అప్పటికీ కలవకపోతే కంట్రోల్‌ను అనుమానించండి. పని ఫోల్డర్‌లోని కంట్రోల్‌నూ మాస్టర్‌లోని కంట్రోల్‌నూ తీసుకుని తేడా మ్యాప్ గీయండి. భూమి అంతటా కచ్చితంగా సున్నా రావాలి. ఎక్కడ రంగు కనిపించినా పని ఫోల్డర్‌లోది ఎవరో మళ్లీ నడిపారు. చర్చలు పెట్టకుండా మాస్టర్ నుంచి తిరిగి కాపీ చేయండి.

ఒక చిన్న మాట. కొందరు విద్యార్థులు తమ జిల్లా వర్షపాతం సరిపోలడం లేదని డేటాను అనుమానిస్తారు. ఈ నమూనాలో ఒక గడి ఉత్తర దక్షిణాలుగా దాదాపు 890 కిలోమీటర్లు, మన అక్షాంశాల దగ్గర తూర్పు పడమరలుగా వెయ్యి కిలోమీటర్ల పైన. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపినా కొద్ది గళ్లలోనే ఇమిడిపోతాయి. ఫైలులో తప్పేమీ లేదు, అడిగిన ప్రశ్నే నమూనా కొలతకు సరిపోనిది.

9. బ్యాకప్

వారానికి ఒకసారి, ప్రోగ్రాం మూసి ఉన్నప్పుడు, పని ఫోల్డర్ మొత్తం బయటి హార్డ్ డిస్క్‌లోకి. ఫోల్డర్ పేరు చివర తేదీ పెట్టండి. పాతదాని మీద కొత్తది రాయకండి, కనీసం మూడు వారాలవి ఉంచండి. పాడైన డేటాబేస్ సంగతి మీకు రెండో వారంలోగానీ తెలియకపోవచ్చు.

కాపీ అయ్యాక రెండు ఫోల్డర్ల ప్రాపర్టీస్ తెరిచి ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు పోల్చండి. నెలకొకసారి ఇంకో అడుగు వేయండి: ఆ కాపీని ఖాళీగా ఉన్న కంప్యూటర్‌లో అదే దారిలో పెట్టి, ప్రోగ్రాం తెరిచి, కంట్రోల్ రన్ ఉష్ణోగ్రత మ్యాప్ ఒకటి గీయించండి. తెరిచి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్‌గా లెక్కపెట్టను.

పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లాలంటే ఎఫ్‌ఏటీ32 అయితే 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. పెద్ద జిప్ చేసి కాపీ చేస్తుంటే మధ్యలో ఆగిపోవడానికి తరచూ కారణం అదే.

10. ఏడాది ముగిసినప్పుడు

ముందు రన్‌లను వేరు చేయండి. పుస్తకంలో పూర్తయినట్టు, సరిచూసినట్టు రాసి ఉన్నవి మాత్రమే భద్రపరచదగ్గవి. వాటి నెట్‌సీడీఎఫ్ ఫైళ్లు, సెటప్ వివరాలు, పుస్తకంలోని ఆ పేజీ ఫొటో ఒకే ఫోల్డర్‌లో పెట్టండి. ఆరు నెలల తర్వాత చూసేవారికి ఫైలు కంటే ఆ పేజీయే ఎక్కువ చెబుతుంది.

మిగిలిన రన్‌లను తీసేటప్పుడు ముందు ప్రోగ్రాం జాబితాలోంచి తీసి, తర్వాత డిస్క్ మీద ఆ పేరుతో ఫోల్డర్ మిగిలిందేమో చూసి తొలగించండి. ఎక్స్‌ప్లోరర్‌లో ముందు తొలగిస్తే జాబితాలో ఖాళీ పేర్లు మిగిలి, వచ్చే బ్యాచ్‌వారు వాటిని నొక్కుతూ కూర్చుంటారు.

విద్యార్థుల విండోస్ ఖాతాలను వెంటనే తీసేయకండి. సెట్టింగ్స్‌లో రిమూవ్ నొక్కితే ఖాతాతో పాటు దాని డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ కూడా పోతాయి. రికార్డు రాసుకున్న ఫైళ్లు చాలామందికి అక్కడే ఉంటాయి. పాస్‌వర్డ్ మార్చి పరీక్షల ఫలితాలు వచ్చేదాకా ఉంచండి, ఆ తర్వాత తీయండి. అప్పుడు కొన్ని పాత ఫోల్డర్ల సెక్యూరిటీ ట్యాబ్‌లో పేరుకు బదులు పొడవైన అంకెల వరుస కనిపిస్తుంది. అది తీసేసిన ఖాతా గుర్తు, వైరస్ కాదు. ఆ వరుసను తీసేయవచ్చు.

కొత్త బ్యాచ్ వచ్చే ముందు రోజు మాస్టర్ నుంచి పని ఫోల్డర్‌ను తాజాగా కాపీ చేసి, విద్యార్థి ఖాతాతో లాగిన్ అయి, కంట్రోల్ రన్ తెరిచి చూడండి. మ్యాప్ వచ్చాక పుస్తకంలో కొత్త పేజీ తిప్పి తేదీ వేయండి.